నెట్ పోయింది... కానీ ఎక్కడ పోయింది? ధవళేశ్వరం కాలువల నుంచి సముద్రం అడుగు తీగల దాకా

ఇషా నమాజు అయ్యాక కువైట్ నుంచి వీడియో కాల్ వచ్చే వేళ. పిల్లలంతా ఫోన్ చుట్టూ చేరతారు. "అబ్బా, కనిపిస్తున్నానా?" అని చిన్నోడు అడిగేలోపే తెర మీద బొమ్మ బిగుసుకుపోతుంది. గోడకు తగిలించిన చిన్న తెల్ల డబ్బాలో ఒక ఎర్ర దీపం మిణుకుమిణుకుమంటుంది. ఇక ఇంట్లో అందరిదీ ఒకటే మాట: "నెట్ పోయింది."

ఎక్కడ పోయింది అని మాత్రం ఎవరూ అడగరు. ఇంట్లోనా, వీధి స్తంభం మీదా, రాజమండ్రిలోనా, లేక ఎర్ర సముద్రం అడుగునా? ఈ నాలుగు చోట్లలో ఎక్కడ తెగినా ధవళేశ్వరంలో కూర్చున్న మనిషికి ఒకేలా కనిపిస్తుంది. మరమ్మతు మాత్రం ఒకేలా ఉండదు. ఒకటి అరగంట పని, ఇంకొకటి వారాల పని. హజ్ దరఖాస్తుకు ఆఖరి రోజైనా, అమ్మాయి ఈఏపీసెట్ హాల్ టికెట్ దించుకోవాల్సిన రోజైనా ఈ తేడా తెలిసినవాళ్లు ఖాళీగా కూర్చోరు. ఆగాలో, ఫోన్ డేటాకు మారాలో, ఆపరేటర్‌ని పిలవాలో వెంటనే తేల్చుకుంటారు.

ఊరి పక్కనే ఉన్న నెట్‌వర్క్

నిజానికి ధవళేశ్వరం వాళ్లకు నెట్‌వర్క్ అంటే ఏమిటో కొత్తగా చెప్పక్కర్లేదు. నూట డెబ్బై ఏళ్లుగా ఒక నెట్‌వర్క్ కళ్ల ముందే నడుస్తోంది. సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలై 1852 నాటికి పూర్తయిన ఆనకట్ట, దాని స్థానంలో 1982లో పూర్తయిన ఇప్పటి బ్యారేజీ. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలు, మొత్తం 175 గేట్లు. ఆ గేట్ల వెనక నిలిచిన నీరు తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల ప్రధాన కాలువల్లోకి వెళ్తుంది. ప్రధాన కాలువ నుంచి బ్రాంచి కాలువ, దాని నుంచి పిల్ల కాలువ, దాని నుంచి పంటబోదె, బోదె నుంచి చేను.

ఈ అమరిక చెట్టు లాంటిది. మొదట మొద్దు, తర్వాత కొమ్మలు, చివర రెమ్మలు. కంప్యూటర్లను ఇలా కలిపితే దాన్ని 'ట్రీ టోపాలజీ' అంటారు. టోపాలజీ అన్న మాట పెద్దదే గానీ అర్థం చిన్నది. ఏది దేనితో కలిసి ఉంది, వైర్లు ఏ ఆకారంలో పరిచారు అన్నదే.

చెట్టు అమరికలో ఖర్చు తక్కువ. ఒక్క పెద్ద కాలువ తవ్వితే వందల బోదెలకు సరిపోతుంది. కష్టం ఏమిటో శివారు ఆయకట్టు రైతును అడిగితే చెబుతాడు. పైన ఒక్కచోట గండి పడితే కిందున్న వాళ్లందరికీ నీళ్లు ఆగిపోతాయి. పైవాడు ఎక్కువ వాడుకుంటే చివరివాడికి అందవు. ఇంటర్నెట్‌లోనూ శివారు రైతులున్నారు. సాయంత్రం ఏడు నుంచి పది దాకా వీధిలో అందరూ సినిమాలు పెట్టుకుంటే, వీడియో క్లాసు నడవని ఇల్లు ఒకటి ఉంటుంది కదా, అదే శివారు చేను.

వీధిలో గాజు తీగ, ఇంట్లో తెల్ల డబ్బా

ఇప్పుడు చాలా ఇళ్లకు వస్తున్నది రాగి తీగ కాదు, గాజు తీగ. దాన్నే ఫైబర్ అంటున్నాం. లోపల వెలుతురు నడిచే గాజు దారం మందం సుమారు 9 మైక్రాన్లు. పైన ఇంకో గాజు పొర కలిపితే 125 మైక్రాన్లు, అంటే ఇంచుమించు తల వెంట్రుక ఒకటో రెండో కలిపినంత. కంటికి కనపడని లేజర్ వెలుతురు దాని గోడలకు తగిలి లోపలికే మళ్లుతూ, బయటికి పోకుండా కిలోమీటర్లు వెళ్తుంది. గాజులో దాని వేగం సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు.

ఆపరేటర్ ఆఫీసులో ఓఎల్‌టీ అనే యంత్రం ఉంటుంది. ఇది మన కథలో బ్యారేజీ. దాని నుంచి బయల్దేరిన ఒక గాజు తీగ వీధిలో స్తంభం మీదున్న చిన్న పెట్టెలోకి వెళ్తుంది. ఆ పెట్టెలో స్ప్లిటర్ ఉంటుంది. అది ఒక వెలుతురును 8 గానో, 16 గానో చీలుస్తుంది. ఇలా ఒకట్రెండు చోట్ల చీలి ఒక్క తీగ మామూలుగా 32 ఇళ్లకు, కొన్నిచోట్ల 64 ఇళ్లకు అందుతుంది. ఇక్కడ ఒక విశేషం ఉంది. స్ప్లిటర్‌కు కరెంటు అక్కర్లేదు. అందులో మోటారూ లేదు, చిప్పూ లేదు. పిల్ల కాలువ రెండుగా చీలినట్టు వెలుతురు దానంతటదే చీలిపోతుంది. ఆఫీసు నుంచి 20 కిలోమీటర్ల దాకా ఈ పద్ధతి పనిచేస్తుంది.

కిందికి వచ్చే వెలుతురు అందరి ఇళ్లకూ ఒకేలా వస్తుంది. ఎవరి డేటా వాళ్లు తీసుకోవాలి, పక్కింటిది చదవకుండా దానికి తాళం వేసి పంపుతారు. పైకి పంపేటప్పుడు అసలు చిక్కు వస్తుంది. 32 ఇళ్లు ఒకేసారి వెలుతురు పంపితే ఒకే తీగలో అన్నీ కలిసిపోతాయి. అందుకని ఓఎల్‌టీ ఒక్కో ఇంటికి వంతు కడుతుంది. సెకనులో వేలాదో భాగం కన్నా తక్కువ సమయం, ఆ కాసేపు మాట్లాడి ఊరుకోవాలి. రబీలో నీళ్లు చాలనప్పుడు కాలువలకు వంతులవారీగా వదలడం డెల్టాలో తెలియనిదేం కాదు. అక్కడ వంతు రోజుల్లో ఉంటుంది, ఇక్కడ కనురెప్ప వేసేలోపు వందల వంతులు తిరిగిపోతాయి. అందుకే ఎవరికి వారికి లైను పూర్తిగా తమదే అనిపిస్తుంది.

ఇంట్లోని తెల్ల డబ్బా పేరు ఓఎన్‌టీ. వెలుతురును కరెంటు సంకేతంగా మార్చి, వైఫైగా గాల్లోకి వదలడం దాని పని. చాలా డబ్బాల మీద పాన్, లాస్ అని రెండు దీపాలుంటాయి. పాన్ పచ్చగా నిలకడగా వెలిగితే ఆఫీసుతో చెయ్యి కలిసినట్టు. లాస్ ఎర్రగా మెరిస్తే వెలుతురు అసలు రావడం లేదని. అప్పుడు డబ్బాను పదిసార్లు ఆపి వేసినా లాభం లేదు.

ఒక దండ, ఒక ఉంగరం, ఒక చుక్క

కంప్యూటర్లను కలిపే మొదటి పద్ధతుల్లో ఒకటి దండ లాంటిది. 1973లో అమెరికాలోని జిరాక్స్ పరిశోధన కేంద్రంలో బాబ్ మెట్‌కాఫ్ ఈథర్‌నెట్‌కు రూపం ఇచ్చారు. డేవిడ్ బాగ్స్‌తో కలిసి దాన్ని నిలబెట్టారు. ఒక లావుపాటి తీగ గది పొడవునా వేసి, కంప్యూటర్లన్నిటినీ దానికే తగిలించారు. దీన్ని 'బస్' అమరిక అన్నారు. మన దగ్గర 1990ల్లో కంప్యూటర్ నేర్పే చోట్ల ఇలాంటివే నడిచాయి. నల్లటి కేబుల్ టీవీ వైరు లాంటిది ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి వెళ్లేది, రెండు చివర్లా చిన్న బిరడాలు ఉండేవి. ఎవరి కాలో తగిలి ఒక్క జాయింటు ఊడితే గదంతా పడుకునేది. ఎక్కడ ఊడిందో వెతకడానికి కుర్చీల కింద దూరాల్సిందే. పెళ్లింటికి వేసే సీరియల్ లైట్లలో ఒక బల్బు పోతే దండంతా ఆరిపోయి, ఏ బల్బో తెలియక కుర్రాళ్లు తంటాలు పడటం చూసినవాళ్లకు ఇది అర్థమైపోతుంది.

ఉంగరం లాంటి అమరిక రింగ్. చివరి కంప్యూటర్‌ను మళ్లీ మొదటిదానికి కలిపేస్తే చుట్టు పూర్తవుతుంది. ఆఫీసుల్లో దీని కాలం ఎప్పుడో అయిపోయింది కానీ, దేశాన్ని కలిపే పెద్ద లైన్లలో ఇదే రాజు. ఆ సంగతి కాసేపట్లో.

నేడు ఏ స్కూల్లో, బ్యాంకులో, ఆసుపత్రిలో చూసినా ఉండేది చుక్క అమరిక, అంటే స్టార్. మధ్యలో స్విచ్ అనే పెట్టె, దాని నుంచి ఒక్కో కంప్యూటర్‌కు విడివిడిగా ఒక వైరు. వైరు ఎక్కువ పడుతుంది నిజమే. కానీ ఎలుక ఒక వైరు కొరికితే ఒక్క కంప్యూటరే ఆగుతుంది, మిగతావి నడుస్తూనే ఉంటాయి. స్విచ్‌కు ఇంకో తెలివి కూడా ఉంది. ప్రతి కంప్యూటర్‌కూ ఫ్యాక్టరీలోనే ఒక నంబరు వేస్తారు. ఏ నంబరు ఏ రంధ్రంలో ఉందో స్విచ్ గుర్తుపెట్టుకుని, ఎవరి డేటా వాళ్లకే ఇస్తుంది. వీధంతా వినేలా కేకేయకుండా, పోస్ట్‌మ్యాన్ నేరుగా తలుపు తట్టినట్టు. చుక్కకున్న ఒకే బలహీనత నడిబొడ్డు. స్విచ్ కాలిపోతే అందరూ పోయినట్టే. అది మార్చడం మాత్రం పది నిమిషాల పని.

మస్జిద్ పక్కన మదర్సాలో పిల్లలకు పది కంప్యూటర్లు పెట్టాలనుకునే కమిటీకి ఇక్కడే డబ్బు మిగులుతుంది, లేదా వృథా అవుతుంది. పదింటికి సరిపోతుందని పది రంధ్రాల లెక్క చూసుకోకుండా 16 రంధ్రాల స్విచ్ కొంటే రేపు కెమెరాకో, ప్రింటర్‌కో చోటు ఉంటుంది. ఒక్కో వైరు 100 మీటర్లు దాటకూడదు. అందులో ఎనిమిది సన్నని తీగలు రెండేసి చొప్పున నాలుగు జంటలుగా మెలి తిరిగి ఉంటాయి. ఆ మెలిక అందానికి కాదు, పక్క తీగల సంకేతం ఒకదాన్లోకి ఒకటి చొరబడకుండా ఆపడానికి. అందుకే చివర బిరడా వేసేటప్పుడు మెలిక బాగా విప్పేయకూడదు. కరెంటు వైరు వెళ్లే గొట్టంలోనే దీన్నీ దూర్చడం చాలాచోట్ల జరిగే పొరపాటు. కరెంటు పని చేసే భాయ్‌కి గొట్టం ఖర్చు మిగులుతుంది, కంప్యూటర్లకు మాత్రం రోజూ తలనొప్పే. రెండు గొట్టాలు విడిగా వేయమని ముందే చెప్పాలి. గోడ పూత అయ్యాక చెబితే వినేవాడు ఉండడు.

స్తంభాల మీద రాష్ట్రం

ఆంధ్రప్రదేశ్‌లో ఈ గాజు తీగను ఊళ్లకు చేర్చడానికి ప్రభుత్వం ఒక దగ్గరి దారి పట్టింది. రోడ్లు తవ్వి భూమిలో వేయడానికి వేల కోట్లు కావాలి. ఏపీ ఫైబర్‌నెట్ సంస్థ తవ్వకుండా కరెంటు స్తంభాల మీదే తీగ లాగింది. మొదటి దశలోనే దాదాపు 24 వేల కిలోమీటర్లు. కరెంటు తీగల పక్కన వేలాడాలి కనుక ఈ కేబుల్‌లో ఇనుము ఉండదు, తన బరువు తానే మోసుకునేలా తయారుచేస్తారు. కోనసీమలోని మోరి గ్రామంలో 2016 డిసెంబరులో ఇంటింటికీ కనెక్షన్లు మొదలయ్యాయి. ఏడాది తర్వాత 2017 డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రాజెక్టును ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకే టీవీ, ఫోన్, ఇంటర్నెట్ అన్నది అప్పట్లో ప్రతి ఇంట్లో నలిగిన మాట. లైను ఇంటి దాకా తెచ్చింది మాత్రం ఊళ్లో ఉన్న కేబుల్ ఆపరేటర్లే.

స్తంభం మీది తీగ చౌక, త్వరగా అయిపోతుంది. గోదావరి జిల్లాల్లో మాత్రం తుపాను సంగతి మరవకూడదు. 2025 అక్టోబరు 28న మొంథా తుపాను నరసాపురం ప్రాంతంలో తీరం దాటింది. అలాంటి రాత్రి స్తంభం ఒరిగితే కరెంటుతో పాటు నెట్ కూడా నేల మీద పడుతుంది. భూమిలో వేసిన తీగకు గాలి భయం లేదు గానీ, మంచినీటి గొట్టాల కోసం తవ్వే పొక్లెయిన్‌తో దానికి ఎప్పుడూ భయమే.

ఎలా వేసినా తెగక మానదు. తెగినప్పుడు ఏం చేయాలన్నది అమరిక ముందే తేల్చేయాలి. దీని మీద తొలినాళ్లలోనే లోతుగా ఆలోచించిన వాళ్లలో అమెరికా ఇంజినీరు పాల్ బారన్ ఒకరు. 1964లో వచ్చిన తన పత్రాల్లో ఆయన మూడు బొమ్మలు గీశారు. ఒకటి చుక్క, రెండోది చుక్కల గుత్తి, మూడోది చేపల వల. వలలో ఒకటి రెండు ముడులు తెగినా చేప బయటికి పోదు, ఎందుకంటే ప్రతి ముడికీ చాలా దారులున్నాయి. సందేశాన్ని చిన్న ముక్కలు చేసి, ఏ దారి ఖాళీగా ఉంటే ఆ దారిన పంపి, అవతల మళ్లీ అతికించుకోవచ్చని కూడా ఆయన చెప్పారు. ఆ ముక్కలనే ఇప్పుడు ప్యాకెట్లు అంటున్నాం. వీడియో కాల్‌లో మాట తెగితెగి వినిపిస్తే కొన్ని ముక్కలు దారిలో పోయాయని అర్థం.

ఊళ్లన్నిటినీ వలలా కలపడం ఖర్చుతో కూడిన పని. అందుకే మధ్యే మార్గం రింగ్. కేంద్ర ప్రభుత్వం గ్రామ పంచాయతీలను ఫైబర్‌తో కలిపే పథకానికి 2011లో అనుమతి ఇచ్చింది. తర్వాత దానికే భారత్‌నెట్ అని పేరు వచ్చింది. మొదట్లో మండలం నుంచి పంచాయతీకి చాలావరకు ఒకే తీగ, అంటే మన కాలువ పద్ధతే. ఒకచోట తెగితే దాని వెనకున్న పంచాయతీలన్నీ చీకట్లోకి పోయేవి. పన్నెండేళ్ల అనుభవం తర్వాత 2023 ఆగస్టులో సుమారు 1.39 లక్షల కోట్ల రూపాయలతో సవరించిన పథకానికి కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. అందులో ముఖ్యమైన మార్పు పంచాయతీలను రింగ్‌గా కలపడం. ఒకవైపు తెగితే డేటా రెండోవైపు నుంచి చుట్టి వస్తుంది. ఈ పని మొదటే చేసి ఉంటే బాగుండేదని ఇప్పుడు అనుకోవడం తేలికే. తొలి రోజుల్లో ఎక్కువ ఊళ్లకు చేరాలన్న తొందర ఉంది, రింగ్‌కు తీగ ఎక్కువ కావాలి.

రింగ్‌లోనూ ఒక మోసం ఉంది. కాగితం మీద రెండు దారులు కనిపిస్తాయి, నేల మీద రెండు తీగలూ ఒకే స్తంభాల వరుస మీద వెళ్తుంటాయి. ఒక్క చెట్టు కూలితే రెండూ పోతాయి. గోదావరి దాటాలంటే రోడ్డు కం రైలు వంతెన ఉంది, నాలుగో వంతెన ఉంది, ధవళేశ్వరం బ్యారేజీ మీద రోడ్డు ఉంది. ఒకటి మూసినా జనం ఇంకోదాని మీదుగా వెళ్తారు, ఎందుకంటే అవి వేర్వేరు చోట్ల ఉన్నాయి. మూడూ ఒకదాన్ని ఒకటి ఆనుకుని కడితే వాటిని మూడు దారులు అనలేం.

ఎర్ర సముద్రంలో తెగితే ఇక్కడ ఎందుకు ఆగుతుంది?

ధవళేశ్వరం నుంచి బయల్దేరిన కాల్ పెద్ద నగరాల మీదుగా ముంబయికో చెన్నైకో చేరి, అక్కడ సముద్రంలో దిగుతుంది. చాలామంది అనుకున్నట్టు విదేశాలకు వెళ్లే డేటా శాటిలైట్ మీదుగా పోదు. దాదాపు మొత్తం సముద్రం అడుగున పరిచిన గాజు తీగల్లోనే నడుస్తుంది. నడి సముద్రంలో ఆ కేబుల్ తోటకు నీళ్లు పెట్టే గొట్టమంత లావే. సీమీవీ-4 అనే కేబుల్ సింగపూర్ వైపు నుంచి చెన్నై, ముంబయి, ఫుజైరా, జెద్దా మీదుగా ఫ్రాన్స్ దాకా సుమారు 18,800 కిలోమీటర్లు వెళ్తుంది.

2008 జనవరి 30న ఈజిప్టులోని అలెగ్జాండ్రియా దగ్గర ఇదే కేబుల్, దానితో పాటు ఫ్లాగ్ అనే ఇంకో కేబుల్ తెగాయి. ఇండియాలోనూ గల్ఫ్‌లోనూ నెట్ కుంటుపడింది. 2025 సెప్టెంబరులో జెద్దా దగ్గర సీమీవీ-4, ఐఎంఈడబ్ల్యూఈ అనే రెండు కేబుళ్లు దెబ్బతిన్నప్పుడు భారత్, పాకిస్తాన్, యూఏఈల్లో వేగం పడిపోయింది. పూర్తిగా మాత్రం ఆగలేదు. డేటా వేరే కేబుళ్లు పట్టుకుని చుట్టు తిరిగి వెళ్లింది. దూరం పెరిగింది, ఉన్న దారుల్లో రద్దీ పెరిగింది. బారన్ గీసిన వల ఇలాంటి రోజుకే. సముద్రంలో మరమ్మతు చేయాలంటే ఓడ వెళ్లాలి, ఆ దేశం అనుమతి కావాలి, తెగిన కొసను అడుగు నుంచి పైకి లాగి అతకాలి. అందుకే వారాలు పడుతుంది.

ఇక ఆ రాత్రి ఎర్ర దీపం దగ్గరికి

లాస్ ఎర్రగా మెరుస్తుంటే తెగింది ఇంటికీ ఆఫీసుకీ మధ్య. పక్కింట్లో అదే కంపెనీ కనెక్షన్ ఉంటే ఒకసారి అడగాలి. వాళ్లకూ లేకపోతే స్ప్లిటర్ దగ్గరో, దాని పైనో పోయింది. వాళ్లకుండి మనకు లేకపోతే స్తంభం నుంచి ఇంట్లోకి వచ్చిన సన్న తీగే కారణం. అది బీరువా వెనక నలిగిందేమో, కిటికీ సందులో మడత పడిందేమో చూడాలి. గాజు తీగ గట్టిగా వంగితే విరగకపోయినా వెలుతురు వంపు దగ్గర బయటికి జారిపోతుంది. గాజు గ్లాసు వెడల్పు కన్నా చిన్న చుట్టగా చుట్టకపోవడం మంచిది. తీగ కొసను నోటితో ఊదడం, కొసలోకి కంటితో చూడటం చేయకూడదు. ఆ లేజర్ కంటికి కనపడదు, కానీ హాని చేయగలదు.

ఎర్ర దీపం లేదు, పాన్ పచ్చగానే ఉంది, అయినా నెట్ రావడం లేదంటే తీగ బాగున్నట్టే. బిల్లు గడువు దాటిందా, ఆపరేటర్ పైలైను పోయిందా అన్నది ఫోన్ చేసి తెలుసుకోవాలి. డబ్బా పక్కన నిలబడితే బాగా వచ్చి, లోపలి గదిలో రాకపోతే అది వైఫై సంగతి. డబ్బాను బీరువా మీద నుంచి తీసి ఇంటి నడుమ పెడితే చాలాసార్లు సరిపోతుంది. మన దేశంలోని వెబ్‌సైట్లన్నీ గబగబా తెరుచుకుంటూ కువైట్ కాల్ మాత్రమే తడబడుతుంటే, ఆ రాత్రికి కేబుల్ అతన్ని తిట్టి లాభం లేదు.

కరెంటు పోతే నెట్ కూడా పోవాల్సిందే అని చాలా ఇళ్లలో అనుకుంటారు. స్ప్లిటర్‌కు కరెంటు అక్కర్లేదు, ఆపరేటర్ ఆఫీసులో బ్యాటరీలు ఉంటాయి. ఆరిపోయేది ఎక్కువగా ఇంట్లోని తెల్ల డబ్బానే. అది చాలావరకు 12 వోల్టుల మీద నడుస్తుంది, కొనేముందు అడాప్టర్ మీద రాసినది ఒకసారి చూసుకోవాలి. దానికని దొరికే చిన్న యూపీఎస్ ఒకటి తగిలిస్తే కోత ఉన్న గంటా రెండు గంటలూ పిల్లాడి పరీక్ష ఫారం ఆగదు, అబ్బా కాల్ కూడా ఆగదు.

ఆపరేటర్‌కు ఫోన్ చేసేటప్పుడు "నెట్ రావట్లేదు" అని ఊరుకోకుండా, "లాస్ ఎర్రగా ఉంది, పక్కింట్లో కూడా లేదు" అని చెబితే అతను ఇంటికి రాకుండా నేరుగా స్తంభం దగ్గరికి వెళ్తాడు.